అప్పళంలో మల్లెవాసన

పొద్దున్నే అంగడి పలకలు తీసి, పట్టాభి వెంకటేశ్వరస్వామి పటానికి ఊదొత్తి చూపిస్తుండగానే, హోటలు సౌందరరాజన్ లోపలికొచ్చి బల్ల మీద ఒక అప్పళాల కట్ట పెట్టాడు. పోట్లాటకొచ్చినవాడిలా లేడు. నవ్వు ఆపుకుంటున్నవాడిలా ఉన్నాడు.

"వాసన చూడండి పట్టాభిగారూ."

పట్టాభి కట్టను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఊదొత్తి వాసన."

"ఊదొత్తి అవతల పెట్టి చూడండి."

పట్టాభి ఊదొత్తి పటం వెనక గుచ్చి, కట్ట పట్టుకుని వీధిలోకి వెళ్లి మరీ చూశాడు. మినప్పిండి వాసన ఉంది. ఇంగువ వాసన ఉంది. వాటి రెంటి మధ్య నుంచి, పిలవని పేరంటానికి వచ్చినట్టు, మల్లెపూల వాసన కూడా ఉంది.

"నిన్న మధ్యాన్నం అన్నానికొచ్చినోళ్లు అడగతా ఉండారు, 'ఏంది సామీ, లోపల పెళ్లి జరగతా ఉందా?' అని. సాంబారన్నంలోకి మల్లెపూల అప్పళం! నేనేం జెప్పాల? వీరాంపట్టినం అమ్మవారి తేరు తిరనాళ్లకు మీ కాడ్నే కొనాలని ఉండా. అప్పుడు గూడా ఇట్లనే వస్తే నా బోర్డు మార్చుకోవాల్సిందే."

పట్టాభికి చెమట పట్టింది. సౌందరరాజన్‌కు భయపడి కాదు, లోపల ఉన్న అలివేలుమంగకు ఈ మాట చెప్పాలి గనక.

పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో ఆ ఇల్లు వీధివైపు అంగడి, వెనక వైపు అప్పళాల పెరడు. పెరట్లో పెంకుల వసారా కింద పనిచేసే ఆడపిల్లలందరూ కడలూరు రోడ్డులో ఉన్న కిరుమాంబాక్కం నుంచి పొద్దున బస్సులో వచ్చేవాళ్లే. అంగడికి యజమాని పట్టాభి. పెరటికి యజమాని ఆయన భార్య అలివేలుమంగ. ఆమె పెరట్లో చట్టాలు రెండే. తలలో పూలు పెట్టుకుని లోపలికి రాకూడదు, పిండి వాసన పట్టేస్తుంది. బయట ఉన్న మూడు దినాలూ పనికి రాకూడదు, నాలుగోనాడు తలకు పోసుకుని రావాలి. అట్లా వచ్చిన పిల్లను ఆమె గుమ్మంలోనే ఆపి, "తలకు పోసుకున్నావా?" అని వీధి చివరిదాకా వినబడేట్టు అడిగేది. ఆ మాట మొదలవగానే అంగట్లో పట్టాభి రేడియో సౌండు పెంచేవాడు. ఇది ఎనభై మూడో సంవత్సరం ఆడినెల, అంటే ఆషాఢం నాటి మాట. ఆ ఇంట్లో రేడియో అరిగిపోయింది పాటలకు కాదు, ఈ ప్రశ్నకే.

కోడలు ప్రేమ అప్పళాల పిండిలోకి నల్లేరు దంచి రసం పిండుతోంది. మావగారు కట్ట తెచ్చి అత్తగారి ముందు పెట్టి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్లిపోవడం చూసింది. అత్తగారు కట్ట ఎత్తి వాసన చూసింది. మళ్లీ చూసింది. తర్వాత కట్ట కట్టిన దారం చూసింది. అప్పళాలు దొంతర పెట్టి, ఎడమచేత్తో రొమ్ముకు అదిమి పట్టి, కుడిచేత్తో దారం చుట్టి ముడి వేసేది పిల్లల పని. ఎవరి కట్టలో తక్కువొచ్చినా తెలియాలని ఒక్కొక్క పిల్లకూ ఒక్కో రంగు దారం ఇచ్చింది అలివేలుమంగ. ఈ కట్టకున్నది పచ్చదారం.

"లోగనాయకీ!"

లోగనాయకి లేచి వచ్చింది. పెరట్లో అందరికంటే గట్టిగా నవ్వేది, అందరికంటే త్వరగా కట్టలు కట్టేది ఆ పిల్లే. ఇంటి దగ్గర ఒక మగబిడ్డ, వరి చేలో కూలికీ సొంతానికీ తేడా లేకుండా పనిచేసే మొగుడు కేశవన్, అందరి మీదా అజమాయిషీ చేసే అత్త.

"తల వంచు."

వంచింది. అలివేలుమంగ ఆ నెత్తిన ముక్కు పెట్టింది. జడ విప్పించింది. మళ్లీ ముక్కు పెట్టింది. కొబ్బరినూనె తప్ప ఏమీ లేదు. కానీ వాసన మాత్రం వస్తోంది, ఆ పిల్ల దగ్గర్నించే వస్తోంది.

"యాడ దాచినావే పూలు?"

"లేవు పెద్దమ్మా. మీరే చూస్తిరి కదా."

"నా ముక్కు అబద్ధం చెప్తుందా?"

మిగతా పిల్లలు పకపకా నవ్వారు. లోగనాయకి కూడా నవ్వింది గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. జడ సగమే అల్లి వదిలేయడం ప్రేమ చూసింది. సంతలో కొనేముందు పశువు పళ్లు చూసినట్టు, పెళ్లయి ఒక బిడ్డ ఉన్న పిల్లను అందరి ముందూ తల వంచమని వాసన చూడటం ప్రేమకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పే ధైర్యం మాత్రం రెండేళ్ల కాపురంలో ఇంకా రాలేదు. నల్లేరు ముక్కలు ఇంకాస్త గట్టిగా దంచింది.

లోగనాయకిని కట్టలు కట్టే పని నుంచి తీసేసి రోటి దగ్గర పిండి దంచడానికి పెట్టారు. మళ్లీ వాసన వస్తే ఇంటికే, అంది అలివేలుమంగ.

*

ఆ మధ్యాహ్నం నర్సు తాయారు వచ్చింది. ఊళ్లల్లో తిరిగి ఆడపిల్లలకు ఆరోగ్యం సంగతులు చెప్పడం ఆమె ఉద్యోగం. కిరుమాంబాక్కం పోతే పిల్లలందరూ పనికి వెళ్లారన్నారు, అందుకని పనిచేసే చోటికే వెతుక్కుంటూ వచ్చింది. పట్టాభి కాదనలేక లోపలికి పంపాడు.

"అన్నాలు తినేవరకే. చేతులు కడిగినాక ఒక్క మాట ఉండకూడదు," అంది అలివేలుమంగ.

తాయారు గోడకు ఒక పటం తగిలించింది. అందులో నడుము పైదాకా ఒక ఆడమనిషి, ఒంటిమీద ఏమీ లేకుండా, ఒక చెయ్యి తలమీద పెట్టుకుని నిలబడి ఉంది. పెరడంతా ఒక్కసారి 'అయ్యయ్యో' అని ముఖాలు కప్పుకుంది. అలివేలుమంగ మెరుపులా లేచి పటాన్ని గోడవైపు తిప్పేసింది.

"అంగట్లోకి మగోళ్లు వస్తా పోతా ఉంటారు. ఏంది తాయారూ ఇది!"

"పటం లేకపోతే ఎట్లా చెప్పేది అమ్మా?"

"నోటితో చెప్పు."

తాయారు నోటితో చెప్పడం మొదలుపెట్టింది గానీ, పిల్లలు నవ్వుతుంటే ఆమెకూ సిగ్గేసింది. 'అక్కడ' గడ్డలాంటిది ఉందేమో చూసుకోవాలంది. 'అక్కడ' చర్మం గుంట పడిందేమో, రసి కారుతోందేమో చూడాలంది. నెలకోసారి, ముట్టు అయిపోయిన తర్వాత, మూడు వేళ్లు బల్లపరుపుగా ఆనించి గుండ్రంగా తిప్పుతూ చూసుకోవాలి, చంక కింద కూడా చూడాలి అంది. ఎవరికీ ఏమీ ఎక్కలేదు. ఒక పిల్ల పక్కపిల్ల చంకలో గిలిగింత పెట్టింది, మజ్జిగన్నం ఒలికింది, పాఠం గంగలో కలిసింది.

తాయారు ముఖం చూసి ప్రేమకు జాలేసింది. లోపలికి వెళ్లి, నూనె పెట్టి దంచిన పిండిముద్ద ఒకటి, డబ్బాలోంచి చింతగింజలు కొన్ని తెచ్చింది. ఒక గింజను ముద్ద లోపలికి నొక్కి, పైన నున్నగా సర్ది, అరిటాకు మీద పెట్టింది.

"గింజ యాడుందో పిండి పిసక్కుండా చెప్పాల. వేళ్లు ఆనించి చూడొచ్చు, గిల్లకూడదు," అంది.

పందెం అనేసరికి పిల్లలందరూ ముందుకు దూకారు. మొదటి పిల్ల వేలి కొనతో పొడిచింది, దొరకలేదు. రెండో పిల్ల రెండు వేళ్లతో గిల్లబోతే చేతి మీద దెబ్బ పడింది. తాయారుకు హుషారొచ్చింది. "కొనలతో కాదు, వేళ్ల మెత్తటి భాగంతో. ఒక్కచోటే కాదు, అంచు నుంచి లోపలికి, అంగుళం కూడా వదలకుండా," అని చేయిపట్టి చూపించింది. ఒక పిల్ల "ఇదో!" అని అరిచింది. మళ్లీ దాచారు, ఇంకా లోతుగా. మళ్లీ వెతికారు.

"పిండి పూరా పాడుచేసినారు," అంటూ వచ్చింది అలివేలుమంగ. తిట్టడానికే వచ్చింది. కానీ ముద్ద ముందు కూర్చుని ఒక పిల్ల ఎంతసేపటికీ గింజ కనుక్కోలేకపోతుంటే చూడలేకపోయింది. "జరుగు," అని మూడు వేళ్లు ఆనించింది, ఇట్లా ఒక చుట్టు తిప్పింది, "ఇక్కడ" అంది. ముద్ద చీల్చి చూస్తే గింజ అక్కడే ఉంది. పెరడంతా చప్పట్లు కొట్టింది. అలివేలుమంగకు నవ్వొచ్చింది గానీ పమిటచెంగుతో తుడిచేసుకుంది.

లోగనాయకి మాత్రం ముద్ద దగ్గరికి రాలేదు. చేతులు నూనెగా ఉన్నాయని రోలు పక్కనే కూర్చుంది. పటం చుట్టుకుంటున్న తాయారును అక్కడ్నించే అడిగింది.

"అక్కా, పాలు గడ్డ కట్టినా ఇట్లనే ఉంటుందా?"

"పాలిచ్చే తల్లికి అట్లా కడుతుంది. నొప్పి ఉంటుంది, జ్వరం కూడా రావచ్చు. నొప్పి లేని గడ్డే చూపించుకోవాల్సింది. అన్నీ చెడ్డవి కావు, చెడ్డదైనా తొందరగా చూపిస్తే నయమవుతుంది. ఎందుకడిగినావు?"

"ఊరికే," అని నవ్వి, రోకలి ఎత్తుకుంది లోగనాయకి.

*

మర్నాడు రోటి దగ్గర్నించే మల్లెవాసన వచ్చింది. దంచుతున్నకొద్దీ, చెమట పట్టినకొద్దీ, ఇంకా ఎక్కువగా వచ్చింది. అలివేలుమంగ ముద్దను వాసన చూసి, పిండంతా తీసి పక్కన పెట్టించింది.

"రేపట్నించి నువ్వు రావద్దు. నా చేత పిండి పారేయించినావు. ఒక్క మాట నిజం చెప్పమంటే నోట్లోంచి ముత్యాలు రాలతాయా?"

లోగనాయకి తల వంచుకుని నిలబడింది. తర్వాత ముఖం కడుక్కోవడానికి బావి పక్కనున్న స్నానాలగది వైపు వెళ్లింది. ప్రేమ చేతిలో పని వదిలేసి వెనకే వెళ్లింది. ఏం చెప్పాలో తెలీదు. పనిపోయిన పిల్లను ఒంటరిగా ఏడవనివ్వకూడదని మాత్రం అనిపించింది.

గది తడక కొద్దిగా తెరిచి ఉంది. లోగనాయకి రవికె లోపల్నించి ఒక గుడ్డముక్క తీస్తోంది. గుడ్డ నిండా మల్లెపూలు, విడిపూలు. నలిగి, గోధుమరంగుకు తిరిగి, ఒంటి తడికి అంటుకుపోయి ఉన్నాయి.

"లోగా!"

ఆ పిల్ల గుడ్డను వెనక దాచుకుంది. దాచినా ఏం లాభం, గదంతా వాసనే.

"పాలెండడానికి కట్టుకుంటారు కదా అక్కా. మా అత్త చెప్పింది," అంది చివరికి.

ఆ మాట ప్రేమకూ తెలుసు. బిడ్డకు పాలు మాన్పించినప్పుడు రొమ్ముకు మల్లెపూలు కట్టుకుంటే పాలెండిపోతాయని ఆ చుట్టుపక్కల ఆడవాళ్లందరూ చెప్పుకుంటారు. కానీ పోయిన నెల లోగనాయకి బిడ్డను చూసింది తను. అమ్మతో బస్సెక్కి వచ్చి, పెరట్లో కూర్చుని, దోసెలు తిని, ఇంకొకటి కావాలని అలివేలుమంగ పమిట పట్టుకుని లాగాడు.

"నీ బిడ్డ పాలు మాని ఎన్నాళ్లయిందే?"

"పోయిన ఆడికే మానేసినాడు."

"మరి ఇప్పుడు పూలెందుకు?"

లోగనాయకి తడక దగ్గరికి వేసింది. తర్వాత చాలా మెల్లగా చెప్పింది. "ఎడమ పక్కన ఒక గడ్డ ఉందక్కా. పాలు కట్టిందంట, పూలు కడితే కరిగిపోతుందంట. రోజూ బస్టాండులో విడిపూలు కొంటా. కరగలేదు. నొప్పి గూడా లేదు. నిన్న ఆ నర్సు నొప్పి లేనిదే చూపించుకోవాలంటే నా గుండె ఆగిపోయింది."

"నిన్ననే ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే ఆస్పత్రికి పొమ్మంటారు. ఆస్పత్రిలో రొమ్ము కోసేస్తారంట. కోసేసిన ఆడదాన్ని ఏం చేసుకుంటాడక్కా కేశవన్? నువ్వైనా ఎవరితో చెప్పొద్దు. పని పోతే పోనీ."

ప్రేమ చేతులు కడుక్కుంది. "నన్ను చూడనిస్తావా?" అంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మూడు వేళ్లు ఆనించి, అంచు నుంచి లోపలికి, మెల్లగా తిప్పింది. తగిలింది. నిన్న పిండిలో తను దాచిన చింతగింజ ఎంతుందో అంత. ఆటకోసం తెచ్చిన గింజ ఈ పిల్ల ఒంట్లో దొరుకుతుందని ఎవరనుకున్నారు?

"ఎవరితో చెప్పను అని నేను మాటివ్వలేదు, గుర్తుపెట్టుకో," అని బయటికొచ్చింది.

*

అలివేలుమంగ పిండిముద్దను తాడులా సాగదీసి, దారంతో టకటకా ఉండలు కోస్తోంది. ఆ పని చేసేటప్పుడు ఆమెతో ఎవరూ మాట్లాడరు. ప్రేమ వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"అత్తమ్మా, లోగనాయకి పూలు తలలో పెట్టుకోలేదు. ఒంటికి కట్టుకుంది. దాని రొమ్ములో గడ్డ ఉంది."

పెళ్లయినప్పట్నించీ అత్తగారి ముందు ఇంత పొడుగు మాట ప్రేమ చెప్పలేదు. 'రొమ్ము' అన్న మాట ఆమె ఎదుట అనడం అసలే లేదు. దారం ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"రొమ్ములో గడ్డ. నేను చూసినా. పాలు కట్టిందనుకుని పూలు కట్టుకుంటా ఉంది. చూపించుకోవడానికి భయపడతా ఉంది. మనం పని తీసేస్తే కిరుమాంబాక్కంలో కూర్చుని ఇంకా ఎన్ని పూలు కట్టుకుంటుందో."

అలివేలుమంగ చేతిలో దారం వేలికి చుట్టుకుంది. "నేనూ కట్టుకున్నా," అంది. "నీ మొగుడు దామోదరానికి పాలు మాన్పించినప్పుడు మా అమ్మ కట్టింది. పాలుంటే పూలు. దాని బిడ్డ నా చేత్తో దోసెలు తిన్నాడు కదే! పాలే లేని దానికి పూలేందే, పిచ్చిదానికి!" దారం కింద పెట్టేసింది. "నేను దాని నెత్తిన ముక్కు పెట్టి వాసన చూస్తినే ప్రేమా. అందరి ముందూ."

ఆమె కళ్లలో నీళ్లు చూడటం ప్రేమకు అదే మొదలు. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, పిండి. సగం కోసిన పిండితాడు పీట మీద అట్లాగే వదిలేసి అలివేలుమంగ లేచింది. ఆ పెరట్లో సగంలో ఆగిన పని అదొక్కటే అని తర్వాత పిల్లలు చాలారోజులు చెప్పుకున్నారు.

బావి దగ్గర లోగనాయకి ముఖం తుడుచుకుంటోంది. అలివేలుమంగ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది.

"రేపు పనికి రావద్దంటిని కదా?"

"అవును పెద్దమ్మా."

"రావద్దు. నేరుగా పెద్దాస్పత్రి కాడికి రా. నేను వాకిట్లో నిలబడి ఉంటా. నువ్వు రాకుంటే బస్సెక్కి మీ ఊరొచ్చి వీధిలో నిలబడి అరుస్తా. నా గొంతు నీకు తెలుసు."

ఆ గొంతు పుదుచ్చేరి మొత్తానికి తెలుసు. లోగనాయకి మర్నాడు పొద్దున మొదటి బస్సుకే దిగింది.

*

ఆస్పత్రి బెంచీ మీద అలివేలుమంగ, లోగనాయకి, మధ్యలో ఇడ్లీల క్యారియర్, ఇటు పక్క ప్రేమ. పేరు పిలిచారు. లోగనాయకి లేవలేదు. బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుంది.

"లేస్తావా, ఎత్తుకోని పోనా?"

"మీరు గూడా లోపలికి రండి పెద్దమ్మా."

"రాకుండా ఇక్కడ అప్పళాలు వత్తతానా? పద."

లోపల ఏం జరిగిందో అలివేలుమంగ తర్వాత పెరట్లో పదిసార్లు చెప్పింది, చెప్పినప్పుడల్లా డాక్టరమ్మ వేళ్ల గురించే ఎక్కువ చెప్పింది. మూడు వేళ్లు, బల్లపరుపుగా, అంగుళం వదలకుండా, చంక కింద కూడా. 'పిండి బాగా తెలిసిన చెయ్యి' అని మెచ్చుకుంది. ఈ వయసులో ఇట్లా వేలి కింద జారే గడ్డలు చాలావరకు ప్రమాదం లేనివేనని డాక్టరమ్మ చెప్పింది. కానీ వేలికి తెలిసింది చాలదు, గడ్డ మటుకు తీసి పరీక్షకు పంపితే గాని గట్టిగా చెప్పలేనంది.

"రొమ్ము తీసేస్తారా?" అని లోగనాయకి అడిగింది.

"గడ్డ తీస్తాను. చిన్న మచ్చ ఉంటుంది. పూలు గడ్డను కరిగించవమ్మా, దాన్ని దాచిపెడతాయి అంతే. ఇంకో రెండేళ్లు కట్టుకుని, అది చెడ్డదై ఉంటే, అప్పుడు నేను కూడా ఏం చెయ్యలేకపోయేదాన్ని."

సాయంత్రం కబురు తెలిసి కేశవన్ పొలం మట్టి కాళ్లతోనే పరుగెత్తుకొచ్చాడు. అలివేలుమంగను చూసి చేతులు కట్టుకున్నాడు.

"ఏమైంది పెద్దమ్మా? పనిలో ఏమన్నా తప్పు చేసిందా?"

"చేసింది. ఒంట్లో బాగలేకుంటే నీకు చెప్పలేదు, నాకు చెప్పలేదు, పూలకు చెప్పుకుంది. కోస్తే నువ్వు వదిలేస్తావని భయమంట."

కేశవన్ భార్య వైపు చూశాడు. "ఎవరే చెప్పింది నీకట్లా? వదిలేసి నేను యాడికి పోతా?" అన్నాడు కోపంగా, కళ్లనీళ్లతో. అలివేలుమంగ ముఖం తిప్పుకుని క్యారియర్ మూత తీసింది. "కోపం తర్వాత. ముందు తిను," అంది.

గడ్డ తీశారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా పెరట్లో ఏ పనీ తిన్నగా సాగలేదు. అప్పళాలు కోడిగుడ్డు ఆకారంలో వచ్చాయి, ఉప్పు ఒకరోజు ఎక్కువైంది, ఒకరోజు వెయ్యడమే మర్చిపోయారు. పచ్చదారం ఉండను ఎవరూ ముట్టుకోలేదు. సౌందరరాజన్ వచ్చి "ఇప్పుడు మల్లెవాసన లేదు గాని ఉప్పు గూడా లేదు" అంటే, పట్టాభి మొదటిసారి ఖాతాదారు మీద విసుక్కున్నాడు. "మా పిల్ల ఆస్పత్రిలో ఉందండీ. ఉప్పు మీ హోటల్లో ఉండదా?" అన్నాడు.

వీరాంపట్టినం తేరు ముందురోజు, ఫలితానికని పొద్దున వెళ్లిన ప్రేమ రిక్షా దిగకముందే "మంచిదే అత్తమ్మా! మంచి గడ్డే!" అని వీధిలోంచి కేకేసింది. అలివేలుమంగ గుమ్మంలోనే కూలబడి, పిండి చేతులతోనే ముఖం కప్పుకుంది. చేతులు తీసేసరికి ముఖమంతా తెల్లగా ఉంది. పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఈసారి తుడుచుకోలేదు.

"చాలు, నవ్వింది చాలు. రేపు తేరు. లేవండి!" అని తనే ముందు లేచింది.

*

తేరు అయిపోయింది. తర్వాతి వారం నాలుగోనాడు స్నానం చేసి ఒక పిల్ల పనికొచ్చింది. అలివేలుమంగ ఎప్పటిలాగే గుమ్మంలో ఆపింది.

"తలకు పోసుకున్నావా?"

"పోసుకున్నా పెద్దమ్మా."

"రొమ్ములు చూసుకున్నావా?"

ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. అంగట్లో పట్టాభి రేడియో మీదికి ఎగిరినంత పని చేశాడు.

"నెలనెలా నాలుగోనాడు నేనడిగే మాట ఇంకమీద రెండు ముక్కలు. తలకు పోసుకున్నావా, చూసుకున్నావా. చూసుకోకుంటే ఇదో, స్నానాలగది ఉంది, పోయి చూసుకోనే లోపలికి రా. చేత కాకపోతే చింతగింజ, పిండిముద్ద ఉండాయి, నేర్పిస్తా."

మొదటి నెల పిల్లలు సిగ్గుతో చచ్చిపోయారు. రెండో నెల గుమ్మం దాటకముందే వాళ్లే, "పోసుకున్నా, చూసుకున్నా" అని ఒక్క ఊపిరిలో చెప్పేసి దూసుకుపోసాగారు. కిరుమాంబాక్కంలో వాళ్ల అక్కాచెల్లెళ్లూ వదినలూ కూడా ఆ రెండు ముక్కలూ ఎగతాళికి అనడం మొదలుపెట్టి, అలవాటుగా చెయ్యడంలో పడ్డారు. నర్సు తాయారు వచ్చి విని, పటం విప్పకుండానే వెళ్లిపోయింది.

"ఏందండీ, లోపల రోజూ ఏందో చూసుకున్నావా చూసుకున్నావా అంటా ఉండారు?" అని సౌందరరాజన్ ఒకరోజు అడిగాడు.

పట్టాభి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ ఇంట్లోవాళ్లను ఒకసారి మా మంగ దగ్గరికి పంపండి. తెలుస్తుంది," అన్నాడు.

లోగనాయకి మళ్లీ కట్టల దగ్గరికొచ్చింది. వచ్చిన రోజు సాయంత్రం, బస్సుకు బయల్దేరుతుంటే అలివేలుమంగ పిలిచి "తల వంచు" అంది. లోగనాయకి బిత్తరపోయి వంచింది. పెరడంతా ఊపిరి బిగబట్టింది. అలివేలుమంగ ముక్కు పెట్టలేదు. వెనక దాచిన మల్లెమాల తీసి ఆ జడలో పెట్టి, పిన్ను గుచ్చింది. "పూలుండాల్సింది ఇక్కడే. పనైనాక," అంది.

ఆ పూలతోనే లోగనాయకికి నాలుక లేచొచ్చింది కాబోలు. మర్నాడు పొద్దున నాలుగోనాటి పిల్లలిద్దర్ని ఆపి ప్రశ్న రెండు ముక్కలూ అడుగుతున్న అలివేలుమంగను చూసి, దారం చుడుతూనే అడిగింది.

"పెద్దమ్మా, మాకంటే నాలుగోనాడు ఉంది. మీకు అవన్నీ ఎప్పుడో ఆగిపోయినాయి. మరి మిమ్మల్ని ఎవరడగాల?"

రోకలి ఆగింది. వత్తుతున్న పీటలు ఆగాయి. అలివేలుమంగను ఆ పెరట్లో ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆమె నోరు తెరిచింది, తిట్టబోయింది, తిట్టు రాలేదు. ప్రేమ వైపు చూసింది. ప్రేమ నల్లేరు వైపు చూసింది.

"నర్సు చెప్పింది పెద్దమ్మా. వయసైనోళ్లే ఇంకా ఎక్కువగా చూసుకోవాలంట," అంది లోగనాయకి, ఈసారి నవ్వకుండా.

"పని చూడండే," అని అలివేలుమంగ లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం పిల్లలు వెళ్లేటప్పుడు మాత్రం గోడవైపు చూస్తూ, "అమావాస్యకు నేను తలకు పోసుకోక మానను," అంది, ఎవరికీ కాదన్నట్టు.

అమావాస్య వచ్చింది. అలివేలుమంగ తడిజుట్టు ముడి వేసుకుని, పసుపు రాసిన ముఖంతో పెరట్లోకి అడుగుపెట్టబోయింది. గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి లోగనాయకి నిలబడి ఉంది. ఆమె వెనక పిల్లలందరూ, వాళ్ల వెనక ప్రేమ.

"తలకు పోసుకున్నారా పెద్దమ్మా?"

"కనబడతా లేదా?"

"చూసుకున్నారా?"

అంగట్లో పట్టాభి చెయ్యి అలవాటుగా రేడియో మీదికి వెళ్లింది. ఈసారి సౌండు పెంచలేదు. పూరా తగ్గించేసి, లోపలి వైపు చెవి పెట్టి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

అలివేలుమంగ అందరి ముఖాలూ ఒకసారి చూసింది.

"చూసుకున్నానే తల్లీ. అంగుళం వదలకుండా చూసుకున్నా. ఏమీ లేదు. ఇంక జరుగు, పిండి ఎండిపోతా ఉంది," అంది.

లోగనాయకి చెయ్యి తీసింది. అంగట్లో రేడియో మళ్లీ మొదలైంది, అంతకుముందెన్నడూ లేనంత గట్టిగా.